ముక్క చూసి గ్రేడ్ చెప్పేద్దామనుకున్నా

పోయిన నెల్లో ఒక శనివారం మాంసం షాపాయనతో గొడవ పెట్టుకున్నా. గొడవంటే మన దగ్గరలా కేకలు, జనం మూగడం ఏం లేదు, ఇద్దరం నవ్వుతూనే, సారీలు చెప్పుకుంటూనే పెట్టుకున్నాం. డాలస్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరం ఆ షాపు. అద్దాల కౌంటర్ వెనక మనిషి నిలబడి మనం ఎంత మందం అంటే అంత మందం కోసిస్తాడు, పైన నల్లబోర్డు మీద సుద్దముక్కతో అన్నీ యూఎస్‌డీఏ ప్రైమ్, అంటే అమెరికా వ్యవసాయ శాఖ వేసే గ్రేడుల్లో అన్నిటికంటే పైది, అని ముచ్చటగా రాసుంటుంది. మామూలు సూపర్‌మార్కెట్ కంటే పౌండుకి నాలుగు డాలర్లు ఎక్కువ. ఆ రోజు బీఫ్‌లో ఐ ఆఫ్ రౌండ్ అనే కోత తెచ్చుకున్నా, వెనక తొడలో పొడుగ్గా గుండ్రంగా ఉండే కండ, రెండు పౌండ్లు. ఇంటికొచ్చి కాగితం విప్పితే బీట్‌రూట్ కోసి పెట్టినట్టు మొత్తం ఎరుపే, కండ లోపల తెల్ల గీత అన్నది వెతికినా లేదు.

ప్రైమ్ ఎలా ఉంటుందో నాకు తెలుసని అప్పటికి నా నమ్మకం. నాలుగేళ్ళుగా వీడియోలు చూసి సంపాదించిన జ్ఞానం. తడి గచ్చు మీద ముగ్గుపిండి రాలినట్టు కండ లోపల సన్న సన్న తెల్ల చారలుండాలి, దాన్నే మార్బ్లింగ్ అంటారు, అది ఎంత ఉంటే గ్రేడు అంత పెద్దది. ఇందులో లేదు కాబట్టి ఇది ప్రైమ్ కాదు, దాని కింద ఛాయిస్ కూడా కాదు, ఇంకా కింద సెలెక్ట్. కాబట్టి నన్ను ముంచాడు. ఇలా తీర్పు చెప్పేసుకుని ఆ కాగితంలోనే మళ్ళీ చుట్టుకుని బయల్దేరా.

ఆయన మొత్తం విన్నాడు. మాట్లాడకుండా లోపలికెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. పక్కన చీటీ, దాని మీద కోత పేరు, ప్యాక్ చేసిన తేదీ, ప్రైమ్ అని షీల్డ్ గుర్తు. నీ ముక్క ఇందులోదే అన్నాడు. నేను ఇంకా నమ్మనట్టు చూస్తుంటే ఒక మాటన్నాడు, ఈ పోస్టంతా ఆ మాట గురించే: గ్రేడు పశువుకిస్తారు, ముక్కకి కాదు.

బీఫ్ పేరెత్తితే ఇబ్బంది పడేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేం అనుకోను. మా అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో మటన్ ఏ షాపులో లేతగా ఉంటుందని అడిగితే సాయంత్రానికి రెండొందల మెసేజ్‌లొస్తాయి, బీఫ్ సంగతి మాత్రం పక్కన విడిగా మెసేజ్ పెట్టి అడుగుతారు. అలా విడిగా అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ప్రైమ్ అని ఇచ్చాడు, నిజమేనా చూసి చెప్పన్నా అని ఫోటోలు పంపిస్తున్నారు. అందుకే రాస్తున్నా. ఫోటో చూసి నేను చెప్పలేను. చాలాసార్లు ఎదురుగా ముక్క పెట్టినా చెప్పలేను. ఇంకో మాట, మనలో ఎక్కువమంది ఆ గ్రేడు కోసం పెట్టే డబ్బు దండగ అని నాకనిపిస్తోంది.

గ్రేడు వేసేది ఎక్కడ చూసి

ఆ రోజు ఇంటికొచ్చి చదువుకున్నా, సిగ్గుతో చదివిన చదువు బాగా ఎక్కుతుంది. పశువుని కోసి, చర్మం తీసి, రెండు సగాలు చేసి చల్లబరిచాక 12వ పక్కటెముకకీ 13వ దానికీ మధ్యలో అడ్డంగా ఒక కోత పెడతారు. ఆ కోతలో వీపు కండ, అదే రిబ్ ఐ, అరచేయంత కనిపిస్తుంది. గ్రేడరు చూసేది ఆ ముఖాన్ని. కొన్ని సెకన్లు. ఇప్పుడు చాలా ప్లాంట్లలో కెమెరాలు కూడా చూస్తున్నాయి. ఆ అరచేతి మేర కొవ్వు చారలు ఎన్ని, పశువు వయసెంత, కండ రంగెలా ఉంది, ఇవి చూసి ఆ మొత్తం పశువుకీ ఒకటే పేరు పెడతారు. మెడకీ అదే, జబ్బకీ అదే, తొడకీ అదే.

తొడ కండ జీవితమంతా నడిచే కండ, దాంట్లో పెద్దగా కొవ్వు పట్టదు. ప్రైమ్ పశువు తొడైనా ఐ ఆఫ్ రౌండ్ ఎర్రగానే ఉంటుంది. పరీక్షలో లెక్కల పేపర్ ఒక్కటే దిద్ది అన్ని సబ్జెక్టులకీ ఫస్ట్ క్లాస్ వేసినట్టు. మన ముక్క తెలుగు పేపర్ అన్నమాట.

కాబట్టి నిజంగా కంటితో గ్రేడు పోల్చుకోవాలని మీకు పట్టుదల ఉంటే ఒక్క చోటే వీలవుతుంది. షాపులో రిబ్ ఐ పెద్ద దుంగలా ఉంటుంది కదా, దానికి నడుం వైపు ఉన్న కొస, అదే గ్రేడరు చూసిన ముఖం. దాని వెనకే నడుం నుంచి వచ్చే న్యూయార్క్ స్ట్రిప్ అనే దుంగకి మెడ వైపు కొస కూడా అంతే, ఒకే కోతకి ఇటు సగం, అటు సగం. ఆ కొసల నుంచి కోసిన మొదటి ముక్క అడిగితే పోల్చుకోవచ్చు. మిగతా ఏ ముక్క పట్టుకున్నా ఊహే. సిర్లాయిన్ (నడుం వెనక భాగం), రౌండ్ (తొడ) చూసి ఇది సెలెక్ట్ అని ధైర్యంగా చెప్పేవాళ్ళు, అంటే నాలాంటివాళ్ళు, గాల్లో రాయి విసురుతున్నట్టే.

ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. మాంసానికి రెండు ముద్రలుంటాయి, నేను ఇన్నాళ్ళూ ఒకటే అనుకున్నా. గుండ్రంగా ఉండేది తనిఖీ ముద్ర, అది తప్పనిసరి, 1906 చట్టం నాటిది, తినడానికి పనికొస్తుందని మాత్రమే దానర్థం. షీల్డ్ ఆకారంలో ఉండేది గ్రేడు, అది కంపెనీవాళ్ళ ఇష్టం, డబ్బులు కట్టి వేయించుకోవాలి, 1927 నుంచి ఉంది. కట్టకపోతే గ్రేడు ఉండదు, అలాంటి మాంసాన్ని ఇక్కడి వ్యాపారులు నో రోల్ అంటారు, ముద్ర రోలరు దాని మీద దొర్లలేదని. గ్రేడు లేదంటే నాసిరకమని కాదు, ఎవరూ మార్కులు వేయలేదని మాత్రమే. మా హలాల్ షాపులో ఏ రోజూ షీల్డ్ చూళ్ళేదు, అయినా అక్కడి పక్కటెముకలకి నేను వంక పెట్టలేను.

పేర్ల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. సెలెక్ట్ అంటే ఏరి కోరి తీసింది అనుకుంటాం. 1987 దాకా దాని పేరు గుడ్. ఆ పేరుకి గిరాకీ లేదు, కొవ్వు తక్కువ మాంసానికి కాస్త మంచి పేరుండాలని సెలెక్ట్ చేశారు. ప్రైమ్ రిబ్ అనేది కోత పేరు, దానికీ ప్రైమ్ గ్రేడుకీ సంబంధం లేదు, పోయిన క్రిస్మస్‌కి మా ఫ్రెండ్ ఒకడు ప్రైమ్ రిబ్ కొన్నానని వారం రోజులు చెప్పుకున్నాడు, కవర్ మీద చిన్నక్షరాల్లో ఛాయిస్ అనుంది. యాంగస్ అనేది జాతి. ఇవన్నీ బోర్డు మీద పక్కపక్కన రాస్తే కొనేవాడికి అన్నీ గ్రేడుల్లాగే కనిపిస్తాయి, రాసేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు.

మా నాన్న పళ్ళు చూసేవాడు

తెనాలి దగ్గర మా ఊళ్ళో పెద్దకూర ఆదివారం పొద్దున్నే. కోసే గొడ్డుని శనివారం సాయంత్రమే తెచ్చి చింతచెట్టు కింద కట్టేసేవాళ్ళు. మా నాన్న పని మీంచి వస్తూ అక్కడాగి చూసొచ్చేవాడు, రెండుసార్లు నన్నూ తీసుకెళ్ళాడు. ఎడం చేత్తో ముక్కు దగ్గర పట్టుకుని కుడి చేత్తో కింది పెదవి లాగి పళ్ళు చూస్తాడు. పాలపళ్ళు చిన్నగా, తెల్లగా ఉంటాయి, మధ్యలో రెండు ఊడి పెద్దవొస్తే రెండు పళ్ళది, తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది. మాకు దొరికేవి ఎక్కువగా వట్టిపోయిన గేదెలే, నోరు నిండిపోయినవే. నాన్న పెదవి వదిలేసి, అమ్మకి వినపడేలా ఇంటికొచ్చి ఒకటే మాట చెప్పేవాడు, "రేపు పుల్లలు ఎక్కువ కావాలి."

అంతే, అదే మా గ్రేడింగ్. రుచి ఎలా ఉంటుందని కాదు, ఎంతసేపు ఉడకాలి అని. పొద్దున కోశాక తాటాకుల మీద పోగులు పెట్టేవాళ్ళు. ప్రతి పోగులోనూ కాస్త కండ, ఒక ఎముక, కాస్త కార్జం, కాస్త కొవ్వు. ఎవరు ఏ పోగు తీసుకున్నా ఒకటే, నాకు తొడ కావాలి, నాకు వీపు కావాలి అంటే ఒప్పుకోరు. మాంసం బాగుందా లేదా అన్నది మొత్తం గొడ్డుకి సంబంధించిన విషయం, ముక్కల మధ్య తేడా ఇంట్లో ఆడవాళ్ళు పొయ్యి దగ్గర చూసుకోవాల్సింది. షాపాయన గ్రేడు పశువుకి అన్నప్పుడు నాకు కొత్త సంగతి చెప్పినట్టు మొహం పెట్టా కానీ, ఆలోచిస్తే ఆ తాటాకుల దగ్గర చిన్నప్పుడే చూసింది.

పళ్ళ సంగతి మాత్రం చదివాక నవ్వొచ్చింది. అమెరికా గ్రేడులో కూడా వయసు సగం పరీక్ష. ఎప్పట్నుంచో వెన్నుపూసల కొసల్లో మెత్తటి ఎముక ఎంత గట్టిపడిందో చూసి వయసు లెక్కేసేవాళ్ళు. 2017 చివర్లో రూల్ మార్చి, 30 నెలల లోపుదని పళ్ళని బట్టి తేలితే చాలు, లేతదాని కింద లెక్క అన్నారు. రెండో జత పెద్ద పళ్ళు బయటికొస్తే 30 నెలలు దాటినట్టు. అంటే మన భాషలో రెండు పళ్ళ దాకా లేత, నాలుగు పళ్ళకొస్తే లెక్క వేరు. మా నాన్న పెదవి లాగి చూసిందే వీళ్ళు కోటు వేసుకుని చూస్తున్నారు.

అలాగని ఊరి జ్ఞానం అంతా ఇక్కడ పనికొస్తుందని కాదు, అక్కడే నేను ఇంకోసారి బోల్తా పడ్డా, అమ్మతో కలిసి పడ్డా.

తెల్ల కొవ్వు

రెండేళ్ళ కిందట అమ్మ వచ్చినప్పుడు గొప్పగా ప్రైమ్ రిబ్ ఐ తెచ్చి చూపించా. బొటనవేలితో నొక్కింది, వాసన చూసింది, అటూ ఇటూ తిప్పింది. "ఏంట్రా ఇంత కొవ్వు పట్టింది, జబ్బు గొడ్డా?" అంది. కాదమ్మా అదే దీని గొప్ప అన్నా. ఇంకోసారి తిప్పి చూసి "ఇది గేదెదిరా, ఆవుదని చెప్పి అంటగట్టారు నీకు" అంది. ఎలా చెప్తున్నావంటే కొవ్వు తెల్లగా ఉందిగా అంది. ఊళ్ళో అది గట్టి లెక్క. గేదె నెయ్యి తెల్లగా, ఆవు నెయ్యి పచ్చగా ఉన్నట్టే కొవ్వు కూడా. గడ్డిలో ఉండే పసుపు రంగుని గేదె ఒళ్ళు విటమిన్ కింద మార్చేసుకుంటుంది, ఆవు ఒంట్లో కొంత అలాగే మిగిలి కొవ్వులో చేరుతుంది. నేనూ ఒక నిమిషం అనుమానపడ్డా, నిజం చెప్పాలంటే.

ఇక్కడ పశువులకి ఆఖరి నెలలన్నీ మొక్కజొన్న లాంటి దాణా, పచ్చగడ్డి ఉండదు. రంగే తినకపోతే కొవ్వులోకి ఎక్కడ్నుంచి వస్తుంది, అందుకే ఆవు కొవ్వు కూడా తెల్లగా ఉంటుంది. పచ్చ కొవ్వు కనిపిస్తే గడ్డి మీద పెరిగిందో, ముసలి పాడి ఆవో అయ్యుంటుంది. ఒకే రంగుకి తెనాలిలో ఒక అర్థం, టెక్సస్‌లో ఒక అర్థం. అమ్మ లెక్క తప్పు కాదు, ఊరు మారింది.

రంగు విషయంలో అమ్మ ఇంకో మాట మాత్రం ఇక్కడా పనికొచ్చింది. బెదిరిన గొడ్డుని కోస్తే మాంసం నల్లబడి జిగురొస్తుందట, అందుకే ముందు రోజే తెచ్చి నీడన కట్టేసేది. ఇక్కడ దాన్నే డార్క్ కట్టర్ అంటారు. బెదురుకో అలసటకో కండలో నిల్వ ఉన్న శక్తి ముందే ఖర్చయిపోతే కోశాక పులుపు తయారవదు, రంగు ముదురుగా ఉండిపోతుంది, దానికి గ్రేడు కూడా తగ్గిస్తారు. మామూలుగా కౌంటర్లో కనిపించే గోధుమ రంగు వేరే సంగతి, అది గాలి తగిలి వచ్చేది, వాక్యూమ్ కవర్‌లో ఊదాగా ఉండటం కూడా మామూలే, విప్పి పావుగంట పెడితే ఎర్రబడుతుంది. ఎరుపంటే తాజా అనుకుని కౌంటర్ లైట్ల కింద మోసపోవడం మనకి టమాటాల దగ్గర కూడా అలవాటే.

కుక్కర్లో పెట్టాక

ఇక అసలు గొడవ. మనం వండేది ఏంటి? గోంగూర పెద్దకూర, లేదా మిరియాలేసి వేపుడు, లేదా ఎముకలతో పులుసు. అమ్మ వంట పుట్టిందే నోరు నిండిన గేదె కోసం. పచ్చి బొప్పాయి ముక్క వేయడం, గోంగూర పులుపు, రెండు గంటల పుల్లల మంట, అన్నీ గట్టి మాంసాన్ని దారిలో పెట్టడానికే. అలాంటి వంటలో ప్రైమ్ తెచ్చి పడేస్తే ఏమవుతుంది?

చేసి చూశాం. షాపు గొడవైన రెండు వారాలకి మా ఇంట్లో ఆరుగురం, మూడు గిన్నెలు. ఒకదాంట్లో ప్రైమ్ చక్, అంటే జబ్బ, ఒకదాంట్లో ఛాయిస్ చక్, మూడోదాంట్లో నా పరువు తీసిన ఆ ప్రైమ్ ఐ ఆఫ్ రౌండే. ఒకే మసాలా, ఒకే కుక్కర్లో ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోటి ముప్పై ఐదు నిమిషాలు. గిన్నెల కింద చీటీలు అంటించింది మా ఆవిడే, నాకూ చెప్పలేదు. రెండు చక్‌ల మధ్య తేడా ఎవరికీ తెలీలేదు, ముగ్గురు ఇది ప్రైమ్ అన్నారు, ముగ్గురు అది అన్నారు. ప్రైమ్ గిన్నెలో నూనె కాస్త ఎక్కువ తేలింది, అదొక్కటే. ఐ ఆఫ్ రౌండ్‌ని మాత్రం ఆరుగురూ ఒకే మాట మీద పక్కకి నెట్టేశారు, పీచు పీచుగా, పళ్ళలో ఇరుక్కుంటోందని. గ్రేడు ప్రకారం అదీ అన్నిటికంటే పై రకమే!

ఎందుకంటే కూరలో మెత్తదనం కొవ్వు చారల నుంచి రాదు. జబ్బ, మెడ, పిక్క, వీటి కండలో తెల్లటి నరాల్లాంటి పొర ఉంటుంది, సన్న సెగ మీద గంటలు ఉడికితే అది కరిగి జిగురవుతుంది, చారు చిక్కబడేది దానివల్లే. ఐ ఆఫ్ రౌండ్‌లో ఆ కరిగే సరుకు తక్కువ, కొవ్వూ తక్కువ, ఉడికే కొద్దీ నీరు పోయి పిడచకట్టుకుపోతుంది. కాబట్టి కూరకి ఏ పశువు అన్నదానికంటే ఏ ముక్క అన్నది ముఖ్యం. పోగులో అన్నీ కలిపి పెట్టడంలో ఉన్న తెలివి ఇప్పుడర్థమవుతోంది, ఎముకా కొవ్వూ కలిస్తే తొడ కండ కూడా బతికిపోతుంది.

దీనికి మా కొలీగ్ ఒకడు గట్టిగా అడ్డం తిరిగాడు, వాడిదీ గుంటూరే. అలాగైతే నువ్వు రేపు బ్రిస్కెట్, అదే రొమ్ము మాంసం, స్మోక్ చేసినప్పుడు సెలెక్ట్ తెచ్చుకో చూద్దాం అన్నాడు. నిజమే, అక్కడ నేను ఓడిపోతా. పన్నెండు గంటలు పొగలో పెట్టే బ్రిస్కెట్‌కి లోపలి కొవ్వే కాపలా, సెలెక్ట్ పెడితే చెక్కముక్క అవుతుంది. పెనం మీద అయిదు నిమిషాల్లో కాల్చే స్టేక్‌కీ అంతే. గ్రేడులు పెట్టిందే అలాంటి వంటలకి. పైగా నా పరీక్ష కూడా అంత న్యాయమైంది కాదు, మా ఆవిడ కారం ఏసే ధోరణికి ఏ మాంసమైనా ఒకటే అని వాడే అన్నాడు, ఆవిడ వింటుండగానే.

మరి నిజంగా ముంచితే?

నేను తప్పు పట్టిన షాపాయన నిజాయితీపరుడు కాబట్టి కథ ఇలా ముగిసింది. అందరూ అలా ఉండరు కదా అన్న అనుమానం నాకూ ఉంది. అధికారిక గ్రేడు పేరుని అబద్ధంగా వాడటం ఇక్కడ నేరమే, కానీ సుద్దముక్కతో రాసిన బోర్డుని రోజూ వచ్చి ఎవరు చూస్తారు. అన్నీ ప్రైమ్ అని రాసిన బోర్డు నాకు ఇప్పటికీ అనుమానమే, ఎందుకంటే ఈ మధ్య కాలంలో గ్రేడు వేయించుకున్న పశువుల్లో ప్రైమ్ వచ్చేవి 100కి సుమారు 10, ఛాయిస్ 70కి పైనే.

ముక్కని అడిగితే అది చెప్పదు కాబట్టి పెట్టెని అడగాలి, నేను పట్టుకున్న దారి అదొక్కటే. ఏ పెట్టెలోంచి కోశారో చూపిస్తారా అని అడిగితే ఇబ్బంది పడకుండా తెచ్చేవాడి దగ్గర కొంటున్నా. ఒక షాపులో, పేరెందుకులెండి, పెట్టెలు పొద్దున్నే పారేశాం అన్నారు, సాయంత్రం వెళ్ళినా అదే మాట, మర్నాడు పొద్దున్నే వెళ్ళినా అదే. మానేశా. వాళ్ళు అబద్ధమాడారని కాదు, అది కూడా నాకు తెలిసే దారి లేదు.

మొన్న ఆదివారం అదే కౌంటర్ దగ్గర మెడ ఎముకలు, మూడు పౌండ్ల చక్ తీసుకున్నా. నేనడక్కముందే ఆయన పెట్టె ఎత్తి చూపించాడు, ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చి కడుగుతుంటే అమ్మ వీడియో కాల్ చేసింది. ఫోన్ సింక్ పక్కన పెట్టి ముక్కలు చూపించా, ఇది ఛాయిస్ అమ్మా అన్నా. అదేంటో నాకెందుకు గానీ ఎన్ని పళ్ళదో అడిగావా అంది. పెట్టె మీద పళ్ళ లెక్క రాయరు, కానీ ఇక్కడ దాణా పెట్టి పెంచేవాటిలో 30 నెలలు దాటేవి తక్కువే. "రెండు దాటి ఉండవమ్మా" అన్నా.

"అయితే బొప్పాయి ఎందుకు దండగ, ఆ ముక్క తీసెయ్" అంది.